ఏడు కోటల జనాభా

మీరు ఇప్పుడు చేరబోతున్న ఉద్యోగానికి నోరు తిరగని పేర్లున్నాయి. నేను చేసినప్పుడు దానికి పేరే లేదు. మా యజమాని మురళీకృష్ణ గారు నన్ను "మా జనాభా మేడమ్" అని పరిచయం చేసేవారు. విన్నవాళ్ళు నేను మునిసిపాలిటీ నుంచి వచ్చాననుకుని రేషన్ కార్డు గురించి అడిగేవారు. నేను లెక్కపెట్టింది ఊళ్ళో జనాన్ని కాదు, ఒక ఆటలోని జనాన్ని.

ఆట పేరు ఏడు కోటలు. ఇంటర్నెట్‌లో వందలమంది ఒకేసారి కలిసి ఆడేది. ఎవరికి వాళ్ళు ఒక పేరు పెట్టుకుని, ఒక వేషం ఎంచుకుని కోటల మధ్య తిరిగేవారు. దండులు కట్టి యుద్ధాలకు వెళ్ళేవారు. అన్నిటికంటే ఎక్కువగా కబుర్లు చెప్పుకునేవారు. బొమ్మలు తక్కువ, మాటలు ఎక్కువ. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవారు. ఇళ్ళల్లో కంప్యూటర్లు అంతగా లేని రోజులు కాబట్టి మా జనాభా అంతా విజయవాడ, గుంటూరు, ఉయ్యూరు, మైలవరం లాంటి ఊళ్ళ నెట్ సెంటర్లలోనే ఉండేది. ఆఫీసు గవర్నర్‌పేటలో, హోల్‌సేల్ పేపరు కొట్టు పైన రెండో అంతస్తు. మొత్తం ఐదుగురం.

తొంభైల్లో నేను ఒక ప్రైవేటు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని. రెండు వేల సంవత్సరం దాటాక ఇందులోకి వచ్చాను. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో ఇక్కడ రాయను, అది ఎవరికీ పనికిరాదు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. దానివల్ల ఒక లోకం మూతపడే స్థితికి వచ్చింది.

ఎన్ని తలలు?

మురళీకృష్ణ గారిది మైలవరం దగ్గర రైతు కుటుంబం. ఇంజనీరింగు చదివి, ఈ ఆటని తన చేతులతో మొదలుపెట్టిన మనిషి. మంచివారే కానీ పడిపోయే అంకెని చూసి తట్టుకోలేరు. పొద్దున్నే మెట్లెక్కుతూనే "షహనాజ్ గారూ, ఎన్ని తలలు?" అని అరిచేవారు. నిన్న సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య కోటల్లోకి వచ్చిన వేషాలెన్నో నేను చెప్పాలి. అంకె పెరిగితే అందరికీ టీ చెప్పేవారు. తగ్గితే ఆ రోజు ఆయన ముందు కుర్చీ జరపడానికి కూడా భయమేసేది.

తలలు అనడంలోనే తప్పుందని నాకు మొదటి ఏడాదే తెలిసింది. మైలవరంలో ఒకే వేషాన్ని నలుగురు స్నేహితులు వంతులవారీగా ఆడేవారు. మనకు కనబడేది వేషం, వెనకున్న మనిషి కాదు. ఈ సంగతి మీ పెద్దవాళ్ళకు చెప్పండి, వినరు, అయినా చెప్పండి.

ఆ ఏడాదే ఒకసారి వన్ టౌన్ నెట్ సెంటర్ల నుంచి వచ్చే సాయంత్రపు జనం ఒక్కసారిగా పడిపోయారు. మురళీకృష్ణ గారు ఎవరో పోటీ ఆట పెట్టారని కంగారుపడి మనుషుల్ని పంపబోయారు.

"రంజాన్ అండీ," అన్నాను. "ఆ వేళకి మావాళ్ళు ఇఫ్తార్ దగ్గరుంటారు, తర్వాత నమాజు. పండగ అయ్యేదాకా ఆగండి, ఎవరూ ఎక్కడికీ పోలేదు."

పండగ అయిన మర్నాడు అందరూ తిరిగి వచ్చారు. ఆ రోజు నుంచి ఆయన నా మాటకు తిరుగు లేదన్నట్టు చూసేవారు. నాకూ కొంచెం తలకెక్కింది. నిజం చెప్పాలంటే బాగానే ఎక్కింది.

ముసలి ఆట

నాలుగైదేళ్ళు గడిచేసరికి ఏడు కోటలు ముసలిదయింది. రంగురంగుల విదేశీ ఆటలు వచ్చాయి. ఆట ముసలిదవడం ఎలా ఉంటుందో పుస్తకాల్లో రాయరు. పాతవాళ్ళు వెళ్ళిపోవడం వల్ల జనాభా తగ్గిందని అందరూ అనుకుంటారు. పాతవాళ్ళు ప్రతి ఏడాదీ కొందరు వెళ్తూనే ఉంటారు, అది మొదటి నుంచీ ఉన్నదే. ముందుగా ఆగిపోయేది కొత్తవాళ్ళు రావడం. మాకు ఒకప్పుడు రోజుకి పదిమంది కొత్తవాళ్ళు వచ్చేవారు. ఆ రోజుల్లో వారానికి ఒక్కరు వస్తే నేను ఆ పేరు చూసి సంబరపడేదాన్ని. ఉన్నవాళ్ళు అన్నీ సంపాదించేసి, ఇక కబుర్ల కోసమే వచ్చేవారు.

మురళీకృష్ణ గారు బొమ్మలున్న రెండో లోకం ఒకటి తయారుచేయించారు. పేరు కొత్త కోటలు. అందులో పోటీలు మూడేసి నెలలు సాగేవి, ఆ మూడు నెలల్ని సీజన్ అనేవాళ్ళం. ప్రతి నెట్ సెంటర్ గోడమీదా ఒక పోస్టరు అంటించాం. దానిమీద పెద్ద అక్షరాలు: "సీజన్ మొదలైంది! రండి!"

పాత లోకాన్ని ఎన్నాళ్ళుంచాలో ఆయన అప్పుడే తేల్చేశారు. "సాయంత్రం మూడొందలు ఉన్నంతవరకే. తగ్గితే వేసవి సెలవుల్లోపు ఆపేద్దాం. రెండు లోకాలు మొయ్యలేం షహనాజ్ గారూ." అప్పటికి మాకు మూడొందల ఇరవై దాకా వస్తుండేవారు. అంటే ఆ లోకం ఉండాలా పోవాలా అన్నది నా లెక్క మీద ఆధారపడింది.

ఫిబ్రవరి చివర్లో మా ప్రోగ్రామర్ భాను డిస్కు నిండిపోతోందన్నాడు. తొంభై రోజులు కనబడని వేషాల్ని తుడిచేద్దామని, ఎవరెవరో జాబితా ఇవ్వమని అడిగాడు. ఆ పని నాది. మొదటి కోట గుమ్మం దగ్గర ఒక పలక ఉండేది. చాలా రోజులకు వెళ్ళేవాళ్ళు దానిమీద ఒక ముక్క రాసి వెళ్ళేవారు. పరీక్షలున్నాయి, పెళ్ళి కుదిరింది, ఉద్యోగం వచ్చింది, ఇలాంటివి. నేను ఆ పలక చదువుతూ జాబితా రాశాను. పరీక్షలన్నవాళ్ళని ఉంచాను. ఏమీ రాయకుండా వెళ్ళినవాళ్ళని తుడవమన్నాను.

ముప్పై ఏడుమంది మాత్రం ఇంచుమించు ఒకే మాట రాశారు. "సీజన్ మొదలైంది. వస్తా."

నాకు అనుమానమే రాలేదు. మా పోస్టరుకి జవాబు కదా అది! వీళ్ళంతా కొత్త కోటలకి మారిపోయారనుకున్నాను. 'వస్తా' అన్నదాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఇల్లు ఖాళీచేసి పోయేవాళ్ళు కూడా మన దగ్గర వస్తాననే అంటారు, పోతాననరు. కొత్త లోకంలో వాళ్ళున్నారో లేరో వెతికి చూడలేదు. ఏ ఊళ్ళ నుంచి ఆడేవారో చూడలేదు. ముప్పై ఏడు పేర్ల పక్కనా 'మారినవారు' అని రాసి సంతకం పెట్టాను. ఆ సాయంత్రమే భాను తుడిచేశాడు. తుడిచిన పేర్లు ఎవరైనా పెట్టుకోవచ్చునన్నది మా నియమం, అలా వదిలేశాడు.

చలికాలం నుంచీ దిగుతూ వచ్చిన సాయంత్రపు లెక్క మార్చిలో రెండొందల డెబ్భైకి చేరింది. "ఇక ఆపేయడమే," అన్నారు మురళీకృష్ణ గారు. నేను తలూపాను.

కాటా గుమాస్తా

ఏప్రిల్‌లో ఒక రోజు పదకొండు గంటలకి ఒకాయన ఆఫీసు గుమ్మంలో నిలబడ్డారు. నలభై ఏళ్ళుంటాయి. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో మడిచిన గొడుగు.

"న... నమస్కారమండీ. నేను ఉ... ఉ..."

మాట అక్కడ చిక్కుకుపోయింది. ఆయన మొహం ఎర్రబడింది. భాను సాయం చేయబోయి, "ఉద్యోగం కోసమా అండీ?" అన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపి, కళ్ళు మూసుకుని, ఊపిరి పట్టి అన్నారు.

"ఉ... ఉరుముని అండీ."

నేను లేచి నిలబడ్డాను. ఏడు కోటల్లో ఉరుము పేరు తెలియనివాడు లేడు. అన్నిటికంటే పెద్ద దండుకి నాయకుడు. యుద్ధానికి ముందు ఆయన దండుతో మాట్లాడే మాటలు చదవడానికి మేము కూడా పని ఆపుకునేవాళ్ళం. ఆ పేరు పక్కన కూడా నేను 'మారినవారు' అనే రాశాను. అంత చురుకు, అంత హాస్యం, ఎక్కడా తడుముకోని మాట. ఆ మనిషి ఈయన.

"కూర్చోండి, మంచినీళ్ళు తాగండి," అన్నాను. ఆయన కూర్చోలేదు.

"పే... పేరు కొడితే లేదంటోందండీ. పాస్‌వర్డు మర్చిపోయానేమోనని నాలుగు రోజులు చూశా. నిన్న చూస్తే నా పేరుతో ఇంకెవరో తిరుగుతున్నారు. నేను చ... చచ్చిపోయానా అండీ?"

"ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళారండీ?"

"ఎక్కడికెళ్తానండీ, సీజన్ కదా. మాది ఉయ్యూరు. షుగర్ ఫ్యాక్టరీలో చెరకు తూచే కాటా గుమాస్తాని. చెరకు బండ్లు మొదలైతే తల తిప్పుకోడానికి ఉండదు. పోయిన వారమే క్రషింగ్ ఆపేశారు. రా... రాసే వెళ్ళాను కదండీ, సీజన్ మొదలైంది, వస్తా అని. మావాళ్ళందరూ రాశారు."

నాకు అప్పుడు అర్థమైంది. ముప్పై ఏడుమందీ ఉయ్యూరువాళ్ళే. చెరకు రైతులు, ఫ్యాక్టరీ మనుషులు. నాలుగు నెలలు చెరకు దగ్గరుండి, అది అయిపోగానే తిరిగి వచ్చేవాళ్ళు. ఏటా అలాగే జరిగింది. ఏటా తగ్గి, ఏటా పెరిగింది. మావాళ్ళ రంజాన్ నాకు తెలుసు కాబట్టి అప్పుడు ఆగమన్నాను. వీళ్ళ సీజన్ నాకు తెలియదు కాబట్టి చంపేశాను. ఉయ్యూరు బస్సెక్కితే గంట. నెట్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ఒక్క నిమిషం.

ఇక్కడే నేను ఇంకో తప్పు చేశాను. మొదటిది తెలియక చేసింది, ఇది తెలిసి చేసింది.

"సర్వర్లో ఏదో లోపం వచ్చిందండీ," అన్నాను. "చూస్తాం."

ఆయన నమ్మారు. పైగా నన్నే ఓదార్చారు. "మ... మిషన్లు అంతేనండీ. మా కాటా కూడా ఒక్కోసారి తప్పు చూపిస్తుంది. రైతు గొడవపడితే బండి వెనక్కి తిప్పించి, ఆయన కళ్ళముందే మళ్ళీ తూస్తాం. అంతకంటే ఏం చేస్తామండీ." గొడుగు తీసుకుని మెట్లు దిగారు.

భాను నన్నే చూస్తున్నాడు. జాబితా మీద సంతకం ఎవరిదో వాడికి తెలుసు. నేను చెప్పులు వేసుకోకుండానే కిందికి పరుగెత్తాను. పేపరు కట్టలు దించుతున్న రిక్షాకీ ఆటోలకీ మధ్యలో ఆయన కనబడ్డారు.

"నాగేశ్వరరావు గారూ," ఖాతా తెరిచినప్పుడు నెట్ సెంటర్ పంపిన కాగితంలో ఉన్న పేరు గుర్తొచ్చి పిలిచాను. ఆగారు. "మిషన్ కాదండీ. నేనే. సీజనంటే మా పోటీలనుకున్నా. మీ ముప్పై ఏడుమందినీ తుడవమని రాసింది నేనే."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కోపం వచ్చిందనుకున్నాను. మాట రావడంలేదని తర్వాత అర్థమైంది.

"మి... మిగతా ముప్పై ఆరుమంది కూడానా?"

"అందరూ."

"అందుకే రావడం మానేశారండీ. ఆట మోసం చేసిందని తిట్టుకుంటున్నారు." గొడుగు చేయి మార్చుకుని అన్నారు. "ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళ నుంచీ నన్ను 'న న నాగేశ్వరరావు' అనే పిలుస్తారండీ. ఎగతాళికే, చెడ్డవాళ్ళేం కాదు. నన్ను న న లేకుండా ఒ... ఒక్కసారికే పిలిచేది ఆ ఆటలోనే."

"ఉరుము మీరేనని వాళ్ళకి తెలుసా?"

"తెలియదండీ. నెట్ సెంటర్లో ఎవరికీ తెర కనబడని మూల కూర్చుంటా. కాటా దగ్గర బండి దిగి ఆట గురించే మాట్లాడుకుంటారు. ఉరుము ఇలా అన్నాడు, అలా అన్నాడని. నేను చీటీ రాసుకుంటూ వింటా."

శుక్రవారం దాకా

మురళీకృష్ణ గారికి ఆ మధ్యాహ్నమే చెప్పాను. మీకు ఈ ఒక్కటి గట్టిగా చెబుతాను: తప్పు చెప్పేటప్పుడు ముందు అంకె చెప్పండి, తర్వాత కారణం, చివర సంజాయిషీ. నేను తిరగేసి చెప్పాను. పది నిమిషాలు అదీ ఇదీ మాట్లాడాక విషయానికి వచ్చాను. ఆయన టేబుల్ మీద అరచేత్తో కొట్టారు.

"ఏంటమ్మా నువ్వు! చెరకు సీజన్ తెలియకపోవడమేంటి, కృష్ణా జిల్లాలో పుట్టి?"

"మీకు తెలుసాండీ? ఆ జాబితా మీరూ చూశారు."

"మా మైలవరంలో సీజనంటే మామిడికాయలే," అన్నారు, గొంతు తగ్గించి. కానీ మెత్తబడలేదు. శనివారం పాత లోకం సర్వరు ఆపేస్తామని కొత్త కోటలు తయారుచేసినవాళ్ళకి మాట ఇచ్చేశారట. చివరికి ఒక్కటే అన్నారు. "శుక్రవారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. మూడొందలు చూపించండి. రెండొందల తొంభై తొమ్మిదైనా ఆపేస్తాను."

అది మంగళవారం.

భాను వారానికొకసారి మొత్తం ఆటని సీడీల మీద దాచేవాడు. తుడవడానికి ముందు రోజుల సీడీ దొరికింది. ఒక్కో వేషాన్నీ విడిగా వెనక్కి తేవాలి, ఒక్కోదానికి అరగంట. రెండు రోజులు వాడు సరిగా తినలేదు. గురువారం మధ్యాహ్నానికి ముప్పై ఆరు వేషాలూ లేచి కూర్చున్నాయి. ఉరుము మాత్రం రాలేదు. ఆ పేరు గుంటూరు నుంచి ఒక కొత్త ఆటగాడు పెట్టుకున్నాడు. మేము నెలలో చూసిన నలుగురు కొత్తవాళ్ళలో ఒకడు.

నాగేశ్వరరావు గారికి ఉయ్యూరు నెట్ సెంటర్‌కి ఫోన్ చేసి, ఆ కుర్రాణ్ణి పేరు మార్చుకోమని అడుగుతానన్నాను.

"వ... వద్దండీ. కొత్తగా వచ్చినవాణ్ణి పొమ్మంటామా. నాకు వేరే పేరు ఇవ్వండి."

ఏ పేరైనా పెట్టుకోవచ్చునని, వేషం సిద్ధంగా ఉంటుందని చెప్పాను. అసలు చిక్కు అది కాదు. ఆ ముప్పై ఆరుమంది ఆటమీద విసిగిపోయి ఉన్నారు. నోటీసు అంటిస్తే నమ్మరు. ఉరుము చెబితే వస్తారు. కానీ ఉరుము ఇప్పుడు ఆటలో లేడు. ఆయన ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్ళి, నేనే ఉరుముని అని నోటితో చెప్పాలి. ఫోన్లో ఆ సంగతి నేను అనలేకపోయాను. ఆయనకే అర్థమైంది. "నే... నేనే వెళ్ళి చెప్పాలన్నమాట," అన్నారు. తర్వాత ఫోన్ పెట్టేశారు.

ఇది లెక్కని వండటం కాదా అని మీరు అడగొచ్చు. నన్ను నేనూ ప్రశ్నించుకున్నాను. లేనివాళ్ళని ఉన్నట్టు చూపిస్తే వండటం. ఉన్నవాళ్ళని లేరని రాసింది నేను, దాన్ని దిద్దుతున్నాను. ఉయ్యూరుకి కబురు పంపానని మురళీకృష్ణ గారికి కూడా చెప్పాను. "శుక్రవారం చూద్దాం," అన్నారు.

ఆరు నుంచి ఎనిమిది

ఆ సాయంత్రం తర్వాత ఏడు కోటలు ఇంకో రెండు సీజన్లు నడిచిందని ముందే చెప్పేస్తాను. చెరకు సీజన్లు. ఆ తర్వాత నిజంగానే జనం లేక ఆగిపోయింది, దానికి నాకు బాధ లేదు. కానీ ఆ రెండు గంటలు నాకు ఇప్పటికీ నిమిషం నిమిషం గుర్తున్నాయి.

ఆరు గంటలకి ముగ్గురం ఒకే తెర ముందు చేరాం. మురళీకృష్ణ గారు చొక్కా చేతులు మడుచుకుని నా వెనక నిలబడ్డారు. ఏడింటికి రెండొందల ముప్పై. ఉయ్యూరు నుంచి ఒక్కరూ లేరు. ఏడుంబావుకి రెండొందల నలభై ఎనిమిది. భాను గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

ఏడున్నరకి ఉయ్యూరు పేర్లు రావడం మొదలైంది. ఒకేసారి ఎనిమిది. అవి వెళ్ళిపోయి ఇంకో ఎనిమిది. ఒకసారి వచ్చిన వేషం వెళ్ళిపోయినా లెక్కలో ఉంటుంది. ఆ నెట్ సెంటర్లో ఉన్నవే ఎనిమిది కంప్యూటర్లని నాకు గుర్తుంది. ఎవరో వాళ్ళని వరసగా కూర్చోబెడుతున్నారు.

ఎనిమిదికి ఐదు నిమిషాలు. రెండొందల తొంభై ఏడు. నాగేశ్వరరావు గారి కోసం సిద్ధంచేసిన వేషం ఇంకా లోపలికి రాలేదు. ఆ ఒక్కడు వస్తే ఒకటి పెరుగుతుంది. నేను ఆగలేక నెట్ సెంటర్‌కి ఫోన్ చేశాను. యజమాని బాబూరావు ఎత్తాడు. వెనక పెద్ద గోలగా ఉంది.

"నాగేశ్వరరావు గారు కూర్చోలేదేంటండీ? త్వరగా కూర్చోమనండి!"

"ఆయనెక్కడ కూర్చుంటాడు మేడమ్! మధ్యలో నిలబడి అందరికీ చెబుతున్నాడు, ఎవరు ఏ గుమ్మం కాయాలో, ఎవరు ముందు దిగాలో. ఖాళీ అయిన సీట్లో పక్కవాణ్ణి కూర్చోబెడుతున్నాడు."

"చెబుతున్నారా? నోటితోనా?"

"నోటితోనే. నత్తి వచ్చినప్పుడు ఆగుతున్నాడు. ఆయన మాట పూర్తయ్యేదాకా ఒక్కడు కూడా కీ నొక్కట్లేదు మేడమ్."

ఫోన్లోంచి నాకూ వినబడింది. "ఉ... ఉత్తర గుమ్మం!" అని ఒక గొంతు. ఆ వెంటనే పదిమంది ఒకేసారి, "ఉరుమన్నా, దిగాం!"

మురళీకృష్ణ గారు నా కుర్చీ వెనక పట్టుకున్నారు. తెరమీద చివరి వరస వచ్చింది. రెండొందల తొంభై తొమ్మిది, మూడొందలు, మూడొందల రెండు. గోడ గడియారం ఎనిమిది కొట్టింది.

మురళీకృష్ణ గారు "సరే, ఉంచుదాం" అని, గదిలోంచి బయటికి వెళ్ళి మెట్లమీద కూర్చున్నారు. నేను రిపోర్టు తీసి ఆ సాయంత్రపు జనాభా మూడొందల రెండు అని రాసి, సంతకం పెట్టాను. అందులో నాగేశ్వరరావు గారు లేరు.